గుడ్డ కింద కదలిక

ఇలా రా, ఇంకొంచెం దగ్గరికి జరిగి కూర్చో. ఇది గొంతు చించుకుని చెప్పే సంగతి కాదు, చిన్న ప్రాణుల సంగతి. వెంట్రుకంత సూదితో బతికే ఒక కందిరీగ తన బిడ్డకు ఇల్లు ఎలా వెతుక్కుంటుందో, ఆ వెతుకులాట ఎవరికీ పట్టక ఒక మనిషి చేతిలోంచి పని ఎలా జారిపోబోయిందో చెబుతాను. మధ్యలో లేచి వెళ్ళావంటే మళ్ళీ మొదటినుంచి చెప్పను సుమా.

పండ్లతోటల రైతులంతా కలిసి కట్టించుకున్న పొడవాటి భవనం ఒకటి ఉండేది. బయటినుంచి చూసినవాళ్ళు గోదాము అనుకునేవారు. లోపల వరసగా గదులు. ఒకదానిలో పండు ఈగలు, ఒకదానిలో వాటి పురుగులు, చివరి గదిలో కందిరీగలు. పండు ఈగ చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది, నడుముకు పసుపు పట్టీ పెట్టుకున్నట్టు. కాని అది పండు తోలు కింద గుడ్లు గుచ్చిపోయిందంటే, పైకి నిగనిగలాడే పండు కోసి చూస్తే లోపల లుకలుకలాడుతూ పురుగులు. మందు కొట్టినా తోలుమీదే ఆగుతుంది, లోపలి పురుగుకు చీమ కుట్టినట్టయినా ఉండదు. ముల్లును ముల్లుతోనే తీయాలి కదా. ఆ ముల్లు ఈ కందిరీగ.

మనల్ని కుట్టేది కాదులే. చీమకు రెక్కలు మొలిచినట్టుంటుంది, ఎర్రగా, సన్నగా. తోకవైపు మాత్రం ఒంటికంటే పొడవైన సూది. కుళ్ళిన పండు వాసన పట్టుకుని వస్తుంది, తోలుమీద అటూ ఇటూ నడుస్తుంది, ఎక్కడో ఒకచోట ఆగి సూది దించుతుంది. కింద, చీకట్లో, కంటికి కనబడని పురుగు ఒంట్లో ఒక గుడ్డు పెడుతుంది. పురుగుకు ఏమీ తెలియదు. తింటూనే ఉంటుంది, బలుస్తూనే ఉంటుంది. తర్వాత గోధుమగింజలా గట్టిపడి నిద్రపోతుంది. ఆ గింజలోంచి ఈగ రావాలి కదా, రాదు. ఏకు మేకైనట్టు లోపలున్న కందిరీగ బిడ్డ దాన్ని తినేసి, పదిహేడో రోజున మూత కొరుక్కుని బయటికి వస్తుంది. వాటిని డబ్బాల్లో పట్టి తోటల్లో వదిలేవారు.

ఆ చివరి గదిలో ఇద్దరే పనిచేసేవారు. తొమ్మిదేళ్ళుగా ఉన్న ఆమెను అందరూ రీగలక్క అనేవారు. రెండో ఆమె ఆమెకు సొంత అన్నగారి భార్య. రీగలక్క పొద్దస్తమానం "వదినా, వదినా" అనడం విని విని ఆ భవనంలో కాపలావాడి దగ్గరనుంచి ఆఫీసరు దాకా అందరికీ ఆమె వదినగారైపోయింది. ఇద్దరికీ చెరి నాలుగు వలపెట్టెలు. పెట్టెకు నాలుగు వందల కందిరీగలు.

ఆ సోమవారం పొద్దున రీగలక్క చిన్న కుంచె తేనెలో ముంచి వలమీద గీతలు గీస్తోంది. అదే వాటి తిండి. గీత గీసిన చోటికి అవి వచ్చి వరసగా మూతులు పెడుతున్నాయి. వెనకనుంచి చెప్పుల చప్పుడు వినబడింది. కొత్త ఆఫీసరమ్మ, చేతిలో అట్ట, అట్టమీద కాగితం. వచ్చి నెల కూడా కాలేదు. ముఖం చూస్తే ఇంకా కాలేజీ పిల్లలాగే ఉండేది.

"రీగలక్కా, మీ డబ్బాలు ఒకసారి చూస్తారా?"

అరమీద రంపపుపొట్టు పోసిన డబ్బాలు వరసగా ఉన్నాయి. పది రోజుల కిందట కందిరీగలకు చూపించిన పురుగులు వాటిలో గింజలై ఉన్నాయి. కుట్టుడు పడని గింజల్లోంచి పదో రోజున ఈగలు వచ్చేస్తాయి. ఎప్పుడైనా వందకు పదో పన్నెండో వస్తాయి, అది మామూలే. ఆఫీసరమ్మ రీగలక్క డబ్బా ఒకటి ఎత్తి వెలుతురులో పెట్టింది. లోపల నల్లగా కమ్ముకుని ఈగలు. మూత పగిలిపోతుందేమోనన్నట్టు రొద.

"వదినగారి డబ్బాల్లో పన్నెండు. మీవాటిలో ఎనభై. ఇది మూడోసారి అక్కా."

"ఇంతకు ముందెప్పుడూ ఇలా లేదమ్మా."

"అందుకే అడుగుతున్నా. మీ కందిరీగలు కుట్టడం మానేశాయి. ఒకే పెట్టెల్లో తరాలుగా పెంచితే బద్ధకం వస్తుంది, అలా జరుగుతుంది. మనం రైతులకు కందిరీగలు ఇస్తున్నాం అనుకుని ఈగలు ఇస్తే, వాళ్ళ తోటలో దొంగను మనమే వదిలినట్టు." ఆమె గొంతులో కోపం లేదు, అదే రీగలక్కను ఎక్కువ భయపెట్టింది. "శుక్రవారం మీ నాలుగు పెట్టెలూ చల్లగదిలో పెట్టి చంపేద్దాం. వేరే చోటునుంచి కొత్త రీగలు తెప్పిస్తాను. అవి వదినగారు చూసుకుంటారు. మీరు పురుగుల ట్రేలు కడిగే గదికి వెళ్ళండి."

రీగలక్క చేతిలో కుంచె అలాగే ఉండిపోయింది. తేనెచుక్క చీరమీద పడింది. పెట్టెలో ఉన్నవాటి ముత్తవ్వల ముత్తవ్వలను కూడా ఆమె ఎరుగును. ఎండలు ముదిరిన ఏడు కరెంటు పోతే తడిగుడ్డలు కప్పి, విసనకర్రతో విసిరి బతికించిన సంతానం అది.

"శుక్రవారం దాకా టైముంది కదమ్మా," అంది చివరికి.

"ఉంది అక్కా. కాని నాలుగు రోజుల్లో ఏం మారుతుంది?"

ఇక్కడ నీకు ఒక గుట్టు చెప్పాలి. ఆఫీసరమ్మ వచ్చాక ఒక కొత్త పద్ధతి పెట్టింది. అంతకు ముందు పురుగులను గరిటెతో కొలిచి, తవుడు ముద్దతో కలిపి, లోతు తక్కువ గిన్నెలో పరిచి, పైన పలచటి గుడ్డ బిగించి పెట్టెలో పెట్టేవారు. కందిరీగకు ఆ గుడ్డే పండు తోలు. కొత్త పద్ధతిలో గిన్నెకు సరిగ్గా మూడు వందల పురుగులను లెక్కపెట్టి వేయాలి. రీగలక్కకు ఏడాదిగా దగ్గరి వస్తువులు మసకబారుతున్నాయి. మూడు వందలు కాదు, ముప్ఫై లెక్కపెట్టేసరికి అన్నీ అలికేసినట్టు అయ్యేవి. ఆ మాట పైకి వస్తే పని పోతుందని వదినకు తప్ప ఎవరికీ చెప్పలేదు. వదినకేమో నడుం నొప్పి, బరువులెత్తలేదు. అందుకని ఇద్దరూ ఒక ఒప్పందానికి వచ్చారు. రీగలక్క వదిన ట్రేలు కూడా కడుగుతుంది. వదిన పక్కగదిలో కూర్చుని ఆడపడుచు గిన్నెలు కూడా లెక్కపెట్టి, గుడ్డ బిగించి ఇస్తుంది. ఈ సర్దుబాటు గోడకు కూడా తెలియదు.

ఆఫీసరమ్మ వెళ్ళాక వదిన వచ్చి పక్కన నిలబడింది. "ఏమందే?"

"నా పిల్లలు బద్ధకస్తులంట. శుక్రవారం చంపేస్తారంట."

వదిన ఏదో జోకు వేయబోయి మానుకుంది. అది ఆమె అలవాటు కాదు. రీగలక్క అప్పుడు అది పట్టించుకోలేదు.

మంగళవారం రీగలక్క తేనె గీయడం, అవి నీళ్ళు తాగే వత్తులు తడపడం త్వరగా ముగించి, ముక్కాలిపీట తెచ్చుకుని తన పెట్టె ముందు కూర్చుంది. తొమ్మిదేళ్ళలో పని చేస్తూ చూడటమే గాని, పనిమానుకుని చూడటం అదే మొదలు. గిన్నె లోపల పెట్టింది. కందిరీగలు వచ్చి గుడ్డమీద వాలాయి. ఆమెకు అవి ఎర్రటి గీతల్లా, కదిలే మరకల్లా కనిపిస్తున్నాయి. కాని మరక ఎలా నడుస్తుందో తెలుస్తూనే ఉంది. నడుస్తున్నాయి, మీసాలతో తడుతున్నాయి, మళ్ళీ నడుస్తున్నాయి. సంతలో బేరం కుదరని వాళ్ళలాగా ఈ చివర్నుంచి ఆ చివరకు పోయి, ఎగిరి వలమీదికి పోతున్నాయి. ఒక్కటీ ఆగడం లేదు.

ఆమె లేచి వదిన పెట్టె దగ్గరికి వెళ్ళింది. అక్కడ మరకలు మేకులు కొట్టినట్టు నిలబడి ఉన్నాయి. ఒక్కొక్కటీ ఆరు కాళ్ళూ చాచి, నడుం ఎత్తి, సూదిని నిలువుగా గుడ్డలోకి దించి. కదలిక లేదు. కదలకపోవడమే అక్కడ పని జరుగుతోందనడానికి గుర్తు.

"ఏమే, నా పిల్లలకు దిష్టి పెడుతున్నావా?" అంది వదిన అటునుంచి.

"వదినా, నీ గిన్నె ఒకటి ఇటివ్వు. నాది నువ్వు తీసుకో."

"ఎందుకు?"

"ఊరికే. రుచి మారుద్దాం."

వదిన ఒక్క క్షణం ఆగింది. తర్వాత ఇచ్చింది. రీగలక్క ఆ గిన్నెను తన పెట్టెలో పెట్టి పీటమీద కూర్చుంది. మూడు నిమిషాలు అయ్యాయో లేదో, ఆమె బద్ధకపు పిల్లలు ఒక్కొక్కటే వచ్చి, రెండడుగులు వేసి, ఆగి, సూదులు దించేశాయి. చోటు చాలక ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి కూడా. అటు చూస్తే వదిన పెట్టెలో, ఆమె గిన్నెమీద, వదినగారి చురుకైన కందిరీగలు బేరం కుదరని వాళ్ళలా తిరుగుతున్నాయి.

"నా పిల్లల్లో లోపం లేదు," అంది రీగలక్క పైకే. "గిన్నెలోనే ఉంది."

అయితే గిన్నెలో ఏముంది? అవే పురుగులు, అదే తవుడు, అదే గుడ్డ. కళ్ళు సరిగా ఉన్నవాళ్ళయితే లెన్సు పెట్టి చూసేవారు. ఆమెకు ఆ దారి లేదు గనక చేతిని నమ్ముకుంది. తన గిన్నెను బయటికి తీసి చూపుడువేలు గుడ్డమీద ఆనించింది. అన్నం ముద్దను ముట్టుకున్నట్టుంది, చల్లగా, మెత్తగా. వదిన గిన్నెమీద వేలు పెట్టింది. పెట్టి, వెంటనే తీసేసి, మళ్ళీ పెట్టింది. వేలికొసన గిలి. పొయ్యిమీద పాలు పొంగే ముందు గిన్నె అంచు ఎలా సన్నగా అదురుతుందో, అలాంటి అదురు. మూడు వందల పురుగులు కింద తింటున్నాయి, పొర్లుతున్నాయి, ఒకదానిమీద ఒకటి పాకుతున్నాయి. అదంతా గుడ్డలోంచి వేలికి ఎక్కుతోంది.

ఆమె కళ్ళు మూసుకుని చాలాసేపు అలాగే నిలబడింది. గుడ్డమీద ఆరు కాళ్ళు చాచి ఆగడం ఎందుకో అప్పుడు అర్థమైంది. కందిరీగకు కూడా కింద ఉన్నది కనబడదు. దానికి కాళ్ళే చెవులు. వాసన ఇంటిదాకా తీసుకొస్తుంది, అంతే. తలుపు ఎక్కడుందో చెప్పేది లోపలి అలికిడి. అలికిడి లేని ఇల్లు పాడుపడిన ఇల్లనుకుని వెళ్ళిపోతుంది. మనం మాత్రం, పిలిచినా పలకని ఇంట్లో దూరతామా?

"వదినా," అంది. "నా పురుగులు ఎందుకింత చల్లగా ఉన్నాయి?"

వదిన తేలుకుట్టిన దొంగలా ఉలిక్కిపడింది. "చల్లగానా? ఏమో మరి. ఆ తవుడు..."

"వదినా."

వదిన తలుపు దగ్గరికి వెళ్ళి, వరండా చూసి, తలుపు దగ్గరగా వేసి వచ్చింది. కొంగు మూతికి అడ్డం పెట్టుకుంది. "నీవి నాలుగు, నావి నాలుగు. ఎనిమిది మూడు వందలు ఎంతో చెప్పు! ఈ పురుగు ఊరికే ఉంటుందా? తలాతోకా కలిపి విల్లులా వంగి, టప్పుమని ఎగిరి గెంతుతుంది. నూట నలభైకి వచ్చానా, పది ఎగిరిపోతాయి, ఆరు నా జాకెట్లో పడతాయి. మళ్ళీ మొదటికి. నావి ఎలాగో లెక్కపెట్టాను. నీవాటికి వచ్చేసరికి గంట కొట్టేస్తారు. అందుకని..."

"అందుకని?"

"ఐసునీళ్ళలో వేశాను. కింది గదిలో ఐసు ఉంటుంది కదా. వేస్తే మర్యాదగా పడుకుంటాయే, కొత్త కోడళ్ళలాగా. చకచకా లెక్కపెట్టేయొచ్చు. చావవు, గంటకు మళ్ళీ లేస్తాయి. చూశాను నేను."

"గంటకు లేస్తాయి," అంది రీగలక్క. "గిన్నె పెట్టెలో ఉండేది అరగంట."

ఐసు సంగతి గోడమీద అంటించిన నిబంధనల్లో మూడోది. పురుగులను ఐసులో పెట్టినవారిని పనిలోంచి తీసేస్తామని పెద్ద అక్షరాలతో ఉంది. రీగలక్కకు చదువు రాదు. వదినకు వచ్చు.

"చెప్పకే," అంది వదిన. "నెలాఖరుకు నా కాంట్రాక్టు మళ్ళీ రాయాలి. మీ అన్న పనిచేసే షెడ్డు మూసేశాక ఇంట్లో నాదొక్కటే జీతం, నీకు తెలుసు. రేపటినుంచి ఐసు ముట్టను. నీ డబ్బాలు వాటంతటవే బాగుపడతాయి."

"ఎప్పటికి బాగుపడతాయి? ఇవాళ కుట్టింది పదో రోజుకు గాని తెలియదు. శుక్రవారం మూడు రోజుల్లో ఉంది."

"కడిగే గది ఏమంత చెడ్డది? నా ట్రేలు ఎలాగూ నువ్వే కడుగుతున్నావు."

ఆ మాట జారాక వదినే నాలుక కరుచుకుంది. రీగలక్క తన గిన్నెను రెండు అరచేతుల మధ్య పెట్టుకుని కూర్చుంది, జ్వరం వచ్చిన పిల్ల నుదురు పట్టుకున్నట్టు. కొంతసేపటికి అరచేతుల్లో సన్నగా గిలి మొదలైంది. లేచాయి.

బుధవారం పొద్దున ఆమెకంటే ముందు వదిన వచ్చి ఉంది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. "రాత్రంతా మీ అన్న గురక, నా ఆలోచన. ఏం చేద్దామో చెప్పు," అంది.

"నల్లచుక్కలు," అంది రీగలక్క.

కందిరీగ సూది దిగిన చోట పురుగు ఒంటిమీద ఆవగింజలో పదోవంతు నల్లచుక్క పడుతుంది. పురుగు గింజగా మారినా ఆ చుక్క పోదు. పదిరోజులు ఆగనక్కర లేదు, రెండో రోజుకే చూడొచ్చు. తొమ్మిదేళ్ళ కిందట, కళ్ళు బాగున్న రోజుల్లో, ఆమెకు ఆ చుక్కలు చూడటం ఒక సరదా.

ఇద్దరూ కలిసి రెండు గిన్నెలు కట్టారు. ఒకే ట్రేలోని పురుగులు. ఒకదాన్ని ఐసులో పెట్టారు, ఒకదాన్ని పెట్టలేదు. చివరిసారిగా ఐసు వదినే తెచ్చింది, కొంగు కింద దాచుకుని. పురుగులను కూడా రీగలక్కే ఎంచింది, రెండు వేళ్ళ మధ్య పొర్లించి. "ఇవి బక్కవి, పక్కన పెట్టు. బక్కవాటిలో ఇది కొడుకులనే పెడుతుంది. బలిసినవి దొరికితేనే కూతుళ్ళను పెడుతుంది."

"నిజమా?"

"మగదానికి సూది ఉండదు కదా, ఏ ఇల్లయినా చాలు. కూతురు తల్లి అవ్వాలి, గుడ్లు మోయాలి. దానికి పెద్ద ఇల్లు కావాలి."

"చూశావా! గింజంత రీగకు తెలిసింది మా అత్తగారికి తెలియలేదు. కొడుక్కు పెద్దగది ఇచ్చి నీకు వసారా ఇచ్చింది."

"ఆ పెద్దగదిలోకే కదే నువ్వు వచ్చింది!"

వారంలో మొదటిసారి ఇద్దరూ నవ్వారు. నవ్వుతూనే గిన్నెలు రీగలక్క పెట్టెలో పెట్టారు, అరగంట. ఆమె పిల్లలు వెచ్చటి గిన్నెను చీమలు బెల్లాన్ని పట్టినట్టు పట్టాయి. చల్లటిదాని మీద ఒకటీ అరా ఆగాయి.

"ఒకదాంట్లో రెండు పెడితేనో?" అడిగింది వదిన గడ్డం కింద చెయ్యి పెట్టుకుని. ఎనిమిదేళ్ళుగా అదే గదిలో ఉంది, ఏనాడూ అడగలేదు.

"చాలామట్టుకు పెట్టదు. సూది దించగానే లోపల ఇంకొకరున్నారో లేదో తెలుస్తుంది కాబోలు, తీసేసుకుంటుంది. పురుగులు చాలక పెట్టిందనుకో, లోపలి బిడ్డలకు కత్తెరల్లాంటి దవడలుంటాయంట, ఒకటే మిగిలేదాకా కొట్టుకుంటాయి."

"ఒకే ఇంట్లో రెండు పొయ్యిలన్నమాట," అంది వదిన.

గురువారం ఎదురుచూపులతోనే గడిచింది. రంపపుపొట్టులో పురుగులు ముడుచుకుని, తెల్లగా ఉన్నవి గోధుమరంగుకు తిరిగాయి. సాయంత్రం బట్టలు మార్చుకుంటూ రీగలక్క అంది, "రేపు ఐసు నేనే పెట్టానని చెబుతాను."

"నీకు పిచ్చా?"

"ఏం, నన్ను ఎలాగూ ఈ గదిలోంచి పంపేస్తున్నారు. పోయేదాన్ని ఒక్కదాన్నే పోతాను. కందిరీగలుంటాయి, నువ్వుంటావు."

వదిన చెప్పుల పట్టీ పెట్టుకోవడానికి వంగి చాలాసేపు లేవలేదు.

శుక్రవారం బస్సు ఆలస్యమైంది. ఇద్దరూ ఆదరాబాదరాగా లోపలికి వచ్చేసరికి వరసలో మొదటి పెట్టె ఉండాల్సిన చోట బల్లమీద నాలుగు కాళ్ళ గుర్తులు మాత్రం ఉన్నాయి. అటెండరు రెండో పెట్టె రెండు చేతులతో ఎత్తుకుని నిలబడి ఉన్నాడు.

"మొదటిది ఎనిమిదింటికే చల్లగదిలో పెట్టేశాను అక్కా. పొద్దున్నే చేసేస్తే ఒక పనైపోతుందని," అన్నాడు. పాపం, మంచివాడే.

రీగలక్క ఏడవలేదు. "దించు బాబూ," అంది. "అమ్మగారు వచ్చేదాకా దించు." ఆ గొంతులో ఏముందో గాని, అతను దించేశాడు.

ఆఫీసరమ్మ వచ్చేసరికి తెల్లకాగితం మీద రెండు కుప్పలు పోసి ఉన్నాయి, ఒక్కొక్కటీ వంద గింజలు. పక్కన లెన్సు. "ఒక్కసారి చూడండమ్మా. తర్వాత మీ ఇష్టం," అంది రీగలక్క.

ఆమె చేతిగడియారం చూసుకుంది, పెట్టెలను చూసింది. తర్వాత కూర్చుని లెన్సు అందుకుంది. ఆమె పెదవులు లెక్కకు కదులుతున్నాయి. "దీంట్లో డెబ్బై నాలుగింటికి చుక్కలున్నాయి. దీంట్లో తొమ్మిది." తలెత్తింది. "రెండూ ఒకే పెట్టెలో పెట్టారా? మీ కందిరీగలకేనా?"

"నా బద్ధకపు రీగలకేనమ్మా. రెండోవి ఐసులో పెట్టిన పురుగులు. ఈ నెలంతా నా గిన్నెలు అలాంటివే."

"ఐసులో ఎవరు పెట్టారు?"

"నేనే."

"ఎందుకు?"

"నాకు దగ్గరివి కనబడవమ్మా. కదలకుండా ఉంటే లెక్కకు వీలుగా ఉంటుందని."

ఆఫీసరమ్మ ఆమె వైపు చూసింది. తర్వాత గోడమీద కాగితం వైపు చూసింది. అప్పుడు వదిన, ఎవరో వెనకనుంచి తోసినట్టు, ముందుకొచ్చింది.

"అబద్ధం మేడమ్. ఈ నెలలో అది ఒక్క గిన్నె కూడా లెక్కపెట్టలేదు. దాని గిన్నెలు నేను లెక్కపెడతాను, నా ట్రేలు అది కడుగుతుంది. ఐసు నేను తెచ్చాను. చదువు వచ్చినదాన్ని నేను, ఆ మూడో నంబరు చదివినదాన్ని నేను. తీసేస్తే నన్ను తీసెయ్యండి."

"ఊరుకో వదినా!"

"నువ్వూరుకో. పెద్ద త్యాగమూర్తి వచ్చింది. కళ్ళు కనబడవు గాని గొప్పలు బాగా కనబడతాయి."

ఆఫీసరమ్మ చెయ్యెత్తింది. ఇద్దరూ ఆగారు. ఆమె ముఖంలో రంగు మారుతోంది, కోపంతో కాదు. "మూడు వందలు లెక్కపెట్టమన్నది నేను," అంది నెమ్మదిగా. "ఎలా లెక్కపెడతారని నేను అడగలేదు." లెన్సు పక్కన పెట్టి, "కదలకపోతే కుట్టవని మీకెలా తెలిసింది?"

రీగలక్క ఆ పూట కట్టిన వెచ్చటి గిన్నె తెచ్చి ఆమె ముందు పెట్టింది. "వేలు పెట్టండమ్మా. ఊరికే ఆనించండి, నొక్కకండి."

ఆఫీసరమ్మ వేలు ఆనించింది. ముందు ఏమీ లేదు. తర్వాత ఆమె భుజాలు చిన్నగా కదిలాయి, గిలిగింతలు పెట్టిన పిల్లలాగా. "అరే," అంది. వేలు తీయలేదు. రెండో వేలు కూడా పెట్టింది.

"ఇది నేను చదివాను," అంది. "కింద కదిలే పురుగు అదురును కాళ్ళతో పసిగడతాయని. పరీక్షలో వచ్చింది, రాశాను కూడా. పదికి తొమ్మిది వేశారు." ఒక్క నవ్వు వచ్చి మధ్యలోనే ఆగిపోయింది. ఖాళీ అయిన చోట బల్లమీది గుర్తులు చూసింది. "ఆ పెట్టె ఎప్పుడు పెట్టావు?" అని అటెండరును అడిగింది.

"ఎనిమిదింటికి మేడమ్."

తొమ్మిదిన్నర దాటింది. ఆమె లేచి తానే చల్లగదికి వెళ్ళి, పెట్టె తెచ్చి బల్లమీద పెట్టింది. నాలుగు వందలూ అడుగున పడి ఉన్నాయి, ఎర్రటి పొట్టులా. రీగలక్క పెట్టె తలుపు తీసి చేతి వెనకభాగం వాటిమీద ఉంచింది. ఎంతోసేపు ఉంచింది. గదిలో వాళ్ళంతా ఆ చేతినే చూస్తున్నారు. చివరికి చెయ్యి తీసి తల అడ్డంగా ఊపింది.

"తప్పు నాది," అంది ఆఫీసరమ్మ.

ఆ రోజు ఆమె ఆఫీసుగదికి వెళ్ళలేదు. ముక్కాలిపీట మీద కూర్చుని మధ్యాహ్నం దాకా గుడ్డమీద కందిరీగలను చూస్తూ ఉండిపోయింది. మధ్యమధ్య ఏదో అడుగుతుంది, రీగలక్క చెబుతుంది. ఆ మరుసటి వారంనుంచి పురుగులను లెక్కపెట్టడం మానేసి తూకం వేయించారు. ఏ గిన్నె అయినా పెట్టెలోకి వెళ్ళే ముందు రీగలక్క వేలికిందుగా పోవాలని పద్ధతి పెట్టారు. వదిన గిన్నె అయినా సరే. "నా గిన్నెకు కూడా ఆడపడుచు అనుమతి కావాలా, ఇదేం కాపురం," అని వదిన రోజూ సణిగేది. వదిన కాంట్రాక్టు నెలాఖరుకు మళ్ళీ రాశారు. రీగలక్కను కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళిందీ ఆ వదినే.

పై ఆఫీసుకు ఒక నివేదిక వెళ్ళాలి కదా. ఆఫీసరమ్మ రాసి, పంపే ముందు వీళ్ళిద్దరికీ చదివి వినిపించింది. అతిశీతలీకరణం వలన పురుగులలో చలనము తగ్గుట, తద్వారా కందిరీగలు ఆశ్రయమును గుర్తించలేకపోవుట, నివారణ చర్యలు తీసుకొనుట. ఒక పేజీ.

వదిన చివరిదాకా విని, "అంతా బాగుంది మేడమ్. ఇందులో మా ఆడపడుచు వేలు ఎక్కడుంది?" అంది.

ఆఫీసరమ్మ కాగితం వైపు చూసుకుంది. "అలాంటివి నివేదికల్లో రాయరు వదినగారూ. రాస్తే తిప్పి పంపుతారు."

వదినకు కోపం వచ్చి ఏదో అనబోయింది. రీగలక్క ఆమె మోచెయ్యి పట్టుకుంది. "పోనీలే. ఆ ఐసు ఎవరు తెచ్చారో కూడా లేదుగా అందులో," అంది. ఇద్దరూ వెళ్ళి తేనె గీసుకున్నారు.

ఆ కాగితం ఏ బీరువాలో ఉందో గాని, అందులో లేనిదంతా ఇప్పుడు నీ చెవిన వేశాను. పురుగులు, ఐసు, వేలు, ఆ చచ్చిపోయిన నాలుగు వందలు కూడా. ఒక్కటీ వదలకుండా గుర్తుపెట్టుకో. రేపెవరైనా పండు కోస్తూ పురుగును చూసి ఛీ అంటే, వాళ్ళనూ ఇలాగే దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పు. నువ్వు చెప్పకపోతే ఇంకెవరు చెబుతారు?